తెల్లధూళి – పద్నాలుగో భాగం: ఫ్యాక్టరీ కంబళి

పోయిన వారం మనం వింకాను స్ప్లిట్ నగరంలోని పెద్దాసుపత్రి మెట్ల మీద వదిలేసి వచ్చాం. వాన పడుతోంది, చేతిలో గొడుగుంది, దాన్ని విప్పాలన్న ధ్యాస ఆమెకు లేదు. మనం వెళ్లిపోయాక ఆమె అక్కడే నిలబడిపోలేదు లెండి. బస్సెక్కి తన ఊరు లుచిత్సాకు తిరిగొచ్చింది, తన సెలూన్ తలుపు తీసింది, పాలకొట్టు ఆవిడ జుట్టుకు రంగు వేసింది, ఆవిడ తన కోడలి మీద చెప్పిన చాడీలన్నీ ఊఁ కొడుతూ వింది. తనకేమైందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. తల్లికీ చెప్పలేదు, కూతురికీ చెప్పలేదు.

ఏమైందో మనకు తెలుసు. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పలచని పొరకు క్యాన్సర్. ఆస్బెస్టాస్ పొడి పీల్చినవాళ్లకు తప్ప సాధారణంగా ఇంకెవరికీ రాని జబ్బు. పీల్చిన ముప్పై, నలభై ఏళ్లకు తీరిగ్గా బయటపడే జబ్బు. "ఫ్యాక్టరీలో ఏ విభాగంలో పనిచేశారు?" అని డాక్టర్ అడిగితే, "నేను జుట్టు కత్తిరిస్తాను డాక్టర్ గారూ, ఆ గేటు లోపల ఏనాడూ కాలు పెట్టలేదు" అంది వింకా. అప్పుడాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "అయితే ఎక్కడ పీల్చారో కనుక్కోండి. మీ కోసం కాదు. ఆ చోటు ఇంకా ఉంటే, అక్కడ ఇంకా ఎవరైనా ఊపిరి పీలుస్తుంటే, వాళ్ల కోసం" అన్నాడు.

ఆ మాట వింకాను నిద్రపోనివ్వలేదు. తన రోగం కన్నా ఆ మాటే ఎక్కువ బాధించింది. ఎందుకంటే రేపు ఆదివారం. ఆదివారం భోజనానికి కూతురు ఆంజెలా స్ప్లిట్ నుంచి వస్తుంది, చంటిపిల్ల పెరీనాను ఎత్తుకుని. వచ్చి ఎక్కడ దిగుతుంది? వింకా పుట్టి పెరిగిన ఇంట్లో, అమ్మమ్మ యెర్కా ఇంట్లో. పిల్లను దింపితే ఆ ఇంటి నేల మీదే దింపుతుంది. ఆ చోటు అదే అయితే?

అందుకని శనివారం పొద్దున్నే సెలూన్ తలుపుకి గొళ్లెం పెట్టి వింకా తల్లి ఇంటికి బయలుదేరింది.

లుచిత్సాలో పాత ఇళ్లన్నీ గట్టు మీద ఉంటాయి. కింద సముద్రం, ఒడ్డున మూతబడిన ఆస్బెస్టాస్ రేకుల ఫ్యాక్టరీ. పైకి రాతి మెట్లు. ఒకప్పుడు వింకా ఆ మెట్లను రెండేసి చొప్పున ఎక్కేది. ఇప్పుడు సగం దూరంలోనే కుడి పక్కటెముకల కింద ఏదో పట్టేసినట్టయి ఆగిపోయింది. ఎవరైనా చూస్తారేమోనని సముద్రం వైపు తిరిగి, ఓడల్ని చూస్తున్నట్టు నటించింది. ఆ నటన ఆ ఊరికి కొత్తేమీ కాదు. ఆమె తండ్రి షిమున్ చివరి ఏడాది అదే మెట్టు మీద నిలబడి అవే ఓడల్ని చూసేవాడు. అంతకుముందు పక్కింటి మాటె చూశాడు, ఆయన తమ్ముడు చూశాడు, ఫ్యాక్టరీలో పొడి కొట్టే మిల్లు దగ్గర పనిచేసిన కవలలిద్దరూ చూశారు. లుచిత్సాలో మగవాళ్లకు సముద్రం మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చిందంటే ఆడవాళ్లకు భయం పట్టుకునేది.

కింద ఫ్యాక్టరీ పైకప్పులో సగం కూలిపోయింది. గోడలు తెల్లగా, కిటికీలు ఖాళీగా ఉన్నాయి. మూసేసి ఎన్నో ఏళ్లయినా, మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు ఊళ్లో ముసలివాళ్లు ఇప్పటికీ మాట మధ్యలో ఆపుతారు. మోగని సైరన్ మోగి ఆగేదాకా ఆగి, మళ్లీ మాట్లాడతారు. బయటి ఊళ్ల నుంచి వచ్చిన కోడళ్లు మొదట నవ్వుతారు. కొన్నాళ్లకు వాళ్లూ ఆగడం మొదలుపెడతారు.

వింకా చెయ్యి పక్కటెముకల మీద పెట్టుకుని, నొప్పి తగ్గాక మిగిలిన మెట్లు ఎక్కింది.

యెర్కా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆకుకూర తుంచుతోంది. ఎనభై దాటిన మనిషి, వీపు ఇంకా నిటారుగానే ఉంది. గడపను వారానికోసారి బ్రష్షుతో రుద్ది కడగనిదే ఆవిడకు అన్నం సహించదు. ఆ ఊళ్లో ఆవిడ శుభ్రతంటే అందరికీ భయం. వింకాను చూడగానే మొదట బూట్ల వంక చూసింది.

"విప్పేసి రా. ఇప్పుడే తుడిచాను."

"విప్పుతున్నానమ్మా. మనిషిని చూసి పలకరించాక బూట్లు చూడొచ్చుగా."

"మనిషిని రోజూ చూస్తూనే ఉన్నాను. చిక్కిపోయావేంటి? మళ్లీ ఆ కాఫీ, సిగరెట్లేనా తిండి?"

"సిగరెట్టు మానేసి పదేళ్లయింది."

"మంచిదే. కూర్చో. రేపు పిల్లదానికి కూడా కాస్త ఈ కూర ఉడికించి పెడదామనుకుంటున్నా."

"దానికింకా పళ్లు రాలేదమ్మా."

"నీకూ రాలేదు. పెట్టాను. బండలా పెరిగావు."

వింకా కుర్చీ లాక్కుని కూర్చుంది. గదంతా ఒకసారి కలియచూసింది. సున్నం వేసిన గోడలు, పొయ్యి, కిటికీ మీద తులసి కుండీ. పైన చెక్క దూలాలు. పైకప్పు ఎర్ర పెంకులది. ఊరంతా ఫ్యాక్టరీ రేకులు వేసుకుంటున్న రోజుల్లో కూడా షిమున్ పెంకులే వేయించాడు. వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు తోచలేదు.

"అమ్మా, నిన్నొకటి అడగాలి. నాన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఒంటి మీద ఆ తెల్ల పొడి ఉండేదా?"

యెర్కా తల ఎత్తలేదు. "మళ్లీ మొదలైందా? ఆ జబ్బుపడ్డ కార్మికుల సంఘం వాళ్లొచ్చి అడిగారా ఏంటి?"

"ఎవరూ అడగలేదు. నేనే అడుగుతున్నా."

"అయితే నువ్వే విను. మీ నాన్నను ఊళ్లో ఏమని ఎగతాళి చేసేవాళ్లు?"

"దొరగారని."

"ఎందుకని? పని అయ్యాక అక్కడే ఒళ్లు రుద్దుకుని స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, చర్చి నుంచి వస్తున్నట్టు వచ్చేవాడు కాబట్టి. మిగతావాళ్లు పిండిమర నుంచి దిగిన గాడిదల్లా వచ్చేవాళ్లు. వాళ్ల పెళ్లాలు ఆ బట్టలు పెరట్లో దులిపి దులిపి ఉతికేవాళ్లు. తర్వాత ఏమయ్యారో నీకు తెలుసు. ఒక్కొక్కళ్ల జుట్టు నువ్వే సరిచేసి శవపెట్టెలో పడుకోబెట్టావు. నేను మాత్రం మీ నాన్న పనిబట్ట ఒక్కటి కూడా ఉతకలేదు. ఆయన తెస్తే కదా! నా ఇంట్లోకి ఆ దుమ్ము గింజంత కూడా రాలేదు."

ఆ మాట నిజమే. వింకాకూ గుర్తుంది. అందుకే ఆమెకు మతి పోతోంది. ఊళ్లో వేరే ఆడవాళ్లకు ఈ జబ్బు వస్తే దారి తెలుస్తుంది. బట్టలు, పెరడు, చీపురు. తనకు ఏ దారిన వచ్చింది?

"మరి ఈ ఇంట్లో ఫ్యాక్టరీది ఏదీ లేదా?"

"ఏదీ లేదు. మేకు కూడా లేదు" అంది యెర్కా, ఆకు తుంచుతూనే.

అప్పుడే వాకిట్లో ఎవరో ఆయాసపడుతున్న చప్పుడైంది. ఊరంతా బర్బా, అంటే బాబాయ్, అని పిలిచే ముసలి కుజ్మా, చేతిలో చేపల సంచితో, తలుపు చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. రేకులు పోసే పెద్ద యంత్రం మీద షిమున్‌తో పాటు పనిచేసినవాళ్లలో మిగిలింది ఈయనొక్కడే. ఎందుకు మిగిలాడో ఆయనకే తెలియదు. దేవుడు తన పేరు మర్చిపోయాడనీ, ఎవరూ గుర్తుచెయ్యొద్దనీ అందరినీ బతిమాలుతుంటాడు.

"ఏంటి బర్బా, అక్కడే ఆగిపోయారు?" అంది వింకా.

"తలుపు పడిపోతుందేమోనని పట్టుకున్నానమ్మా."

"పడిపోయేది నువ్వు. లోపలికొచ్చి కూర్చో. బూట్లు!" అంది యెర్కా.

"బూట్లిప్పడానికి వంగితే మళ్లీ లేవను యెర్కా. అప్పుడు నీ గడప మీదే చస్తాను, కడుక్కోవడం నీకే కష్టం." ఆయన బూట్లతోనే లోపలికొచ్చి, చేపల సంచి బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడ్డాడు. ఊపిరి కుదుటపడటానికి కాసేపు పట్టింది. యెర్కా ఆ బూట్ల వంక చూసింది గానీ ఏమీ అనలేదు. గ్లాసులో కాస్త వైన్ పోసి, నీళ్లు కలిపి ముందు పెట్టింది.

వింకా ఆగలేకపోయింది. "బర్బా, మీరే చెప్పండి. మా నాన్న ఫ్యాక్టరీ నుంచి ఇంటికి ఏమైనా తెచ్చేవాడా?"

"మీ నాన్నా? దొరగారా?" కుజ్మా నవ్వబోయి దగ్గాడు. "మేమంతా దొంగలమమ్మా. విరిగిన రేకులు, జనపనార సంచులు, గొట్టం ముక్కలు, ఏది దొరికితే అది. మా కోళ్లగూడు దగ్గర్నుంచి మా అత్త సమాధి చుట్టూ గోడ దాకా ఫ్యాక్టరీ సరుకే. మీ నాన్న మాత్రం గేటు దాటేటప్పుడు జేబులు తిరగేసి దులుపుకునేవాడు. అంత పద్ధతైన మనిషి. ఒక్క ఫెల్టు తప్ప."

తుంచుతున్న ఆకు యెర్కా చేతిలో ఆగిపోయింది.

"ఏ ఫెల్టు?" అంది వింకా.

"అదేనమ్మా, ఉన్నిది. యంత్రం మీద తిరిగేది." కుజ్మాకు ఉత్సాహం వచ్చింది. పాత పని గురించి మాట్లాడేటప్పుడు ఆయన ఊపిరి కాస్త బాగుంటుంది. "ఆస్బెస్టాస్, సిమెంటు కలిపిన గుజ్జుని మోసుకొచ్చేది అదే కదా. ఇంత మందం, గది పొడుగు. దాని మీద పొర మీద పొర పేరితే రేకయ్యేది. అరిగిపోయాక కొత్తది వేసి, పాతది మాకిచ్చేసేవాళ్లు. మంచి ఉన్ని, పారేస్తారా? వంతులు వేసుకుని కోసుకునేవాళ్లం. ఆ రోజు గేటు దగ్గర పెళ్లిలా ఉండేదనుకో! ఆడవాళ్లంతా ముందే వచ్చి నిలబడేవాళ్లు. ఎవరికి మధ్య ముక్క దొరికితే వాళ్లది అదృష్టం. ఈ ఊళ్లో డబ్బు పెట్టి కంబళి కొన్నవాళ్లు ఎవరున్నారు చెప్పు? పొయ్యి ముందు అదే, మంచం మీద అదే, గాడిద వీపు మీద అదే. బుర, ఆ చలికాలపు ఈదురుగాలి, కొండ మీంచి దిగిందంటే దాని కిందే బతికాం."

"మా నాన్న తెచ్చాడా?"

"తన వంతు వస్తే తేడా? పైగా ఆయనకు మధ్య ముక్కే వచ్చింది. అది కూడా ఊరికే తేలేదు. రాళ్ల దగ్గర సముద్రంలో నిలబడి, తొక్కి, పిండి, మళ్లీ తొక్కి, నీళ్లు తేటగా వచ్చేదాకా వదల్లేదు. మేం ఒడ్డున కూర్చుని, ఒరేయ్ దొరా, దానికి బాప్టిజం కూడా ఇప్పించు అని అరిచాం."

"ఫెల్టు దుమ్ము కాదు" అంది యెర్కా గట్టిగా. "అది ఉన్ని. ఉతికిన ఉన్ని."

వింకా వినడం లేదు. ఆమెకు కంబళి గుర్తొచ్చింది. బూడిదరంగు, అంచు వెంట వెలిసిన నీలి చార. బరువుగా ఉండేది, ఒంటి మీద వేసుకుంటే కదలబుద్ధి అయ్యేది కాదు. చలికాలం రాత్రుళ్లు దాన్ని తల మీదికి లాక్కుని, లోపల వెచ్చటి చీకట్లో మోకాళ్లు ముడుచుకుని, తన ఊపిరి తనకే తగులుతుంటే నిద్రపోయేది. అంచు నుంచి దారాలు పళ్లతో పీకేది. పొద్దున్నే కిటికీలోంచి ఎండ పడ్డప్పుడు కంబళిని ఒక్క తన్ను తన్నితే గాల్లోకి సన్నటి మెరుపులు లేచేవి. వాటిని చేపపిల్లలు అనేది తను. నోరు తెరిచి వాటిని పట్టుకునే ఆట ఒకటి ఉండేది. ఎక్కువ చేపల్ని మింగినట్టు నటించి అమ్మను నవ్వించేది.

ఆమె చెయ్యి తనకు తెలియకుండానే కుడి పక్కటెముకల మీదికి వెళ్లింది. భయం వేసింది. తను వెతుకుతున్న చోటు ఏ పెరడో, గోడో కాదు. తను పడుకున్న పడకే.

కుజ్మా ఆ చేతిని చూశాడు. ఆ చెయ్యి అక్కడికే వెళ్లడం ఆయన ఎంతమంది దగ్గర చూశాడో! నవ్వు మాయమైంది. వైన్ గ్లాసు సగంలోనే వదిలేసి, బల్ల పట్టుకుని లేచాడు.

"పిల్లి బయట తిరుగుతోంది, చేపలు లోపల పెట్టు యెర్కా" అని, వాకిట్లోకి నడిచాడు. వింకా సాగనంపడానికి వెంట వెళ్లింది. గడప దాటాక ఆయన గొంతు తగ్గించి, "ఎన్నాళ్లయింది తల్లీ తెలిసి?" అన్నాడు.

వింకా పెదాల మీద వేలు పెట్టుకుంది.

ముసలాయన తల ఊపాడు. ఆమె బుగ్గ మీద బరకచెయ్యితో ఒకసారి రాసి, మెట్లు దిగాడు. నాలుగు మెట్లు దిగి ఆగి, సముద్రం వైపు తిరిగాడు.

వింకా లోపలికొచ్చింది. యెర్కా చేపల్ని గిన్నెలో వేసి కడుగుతోంది, అవసరమైన దానికన్నా గట్టిగా రుద్దుతూ.

"మేకు కూడా లేదన్నావు."

"మేకు లేదు. కంబళిని మేకంటారా?"

"అమ్మా, అది ఎక్కడుంది?"

"ఎందుకు నీకు? ఎప్పటి కంబళి, ఎప్పటి మాట!"

"ఎక్కడుందో చెప్పు."

"అరవకు. మీ నాన్న తన చేతుల్తో కడిగాడు దాన్ని. చన్నీళ్లలో నిలబడి కడిగితే వారం రోజులు జ్వరంతో పడుకున్నాడు. కూతురికి చలేస్తుందని చేశాడు. ఇప్పుడు నువ్వొచ్చి ఏమంటావు? ఆయన ఇంటికి విషం తెచ్చాడంటావా? చచ్చి పడుకున్నవాడిని లేపి బోనులో నిలబెడతావా?"

"నేనేమీ అనడం లేదు."

"నీ మొహం అంటోంది. ఎవరికేమైంది ఆ కంబళి వల్ల? నువ్వు దాని కిందే పెరిగావు. ఏదీ, నీకేమైంది?"

వింకా నోరు తెరిచింది. తల్లి కళ్లలోకి చూసింది. భర్తను, ఇద్దరు మరుదుల్ని, చెల్లెల్ని ఆ జబ్బుకే అప్పగించిన కళ్లు. తన జబ్బు సంగతి ఇప్పుడు చెబితే ఈ మనిషి మిగలదనిపించింది.

"ఎక్కడుందో చెప్పమ్మా. అంతే. ఇంకేమీ అడగను."

యెర్కా చేతులు తుడుచుకుంది. మాట్లాడినప్పుడు కోపం పోయి గొంతు చిన్నదైపోయింది.

"మీ నాన్న దగ్గరుంది."

"నాన్న దగ్గరా?"

"చివర్లో ఆయనకు ఎంత చలేసేదో నీకు తెలుసు కదా. పొయ్యి పక్కన పడుకోబెట్టినా చలే. ఎన్ని కప్పినా ఫ్యాక్టరీ కంబళి ఇవ్వు, ఫ్యాక్టరీ కంబళి ఇవ్వు అనేవాడు. అటకమీంచి తీసి కప్పాను. అప్పుడు గానీ వణుకు ఆగలేదు. పోయాక పెట్టెలో కింద అదే పరిచాను. నువ్వు ఆయన జుట్టు దువ్వడానికి వచ్చేసరికి పైన దుప్పటి వేసేశాను, నీకు కనబడలేదు. అంత చలి మనిషిని ఉత్త చెక్క మీద ఎలా పంపిస్తానే?"

వింకా తల్లిని పట్టుకుని ఏడ్చింది. ఎందుకేడ్చిందో ఒక కారణం చెప్పలేం. ఆ మట్టిలో, చీకట్లో, తండ్రి ఆ కంబళి మీద పడుకుని ఉన్నాడు. తను దాక్కున్న ఆ వెచ్చటి చీకట్లోనే ఆయనా ఉన్నాడు. ఆ తలపు భయంకరంగా ఉంది. అయినా దాని వెనకే, సిగ్గు లేకుండా, సంతోషం కూడా వచ్చింది. పోయింది. మట్టిలో కలిసింది. ఇంక ఎవరూ దాన్ని పీల్చరు. రేపు పెరీనా రావచ్చు, ఈ నేల మీద బోర్లాపడవచ్చు, ఎక్కడైనా ఊపిరి పీల్చవచ్చు. తన ఒక్కదానితో అయిపోయింది.

"ఊరుకో, ఊరుకో. పదేళ్ల నాటి చావుకు ఇప్పుడేడుస్తావేంటి?" అంటూ యెర్కా కూతురి వీపు నిమిరింది. కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టింది. ఇద్దరూ కాసేపు మామూలు మాటలు మాట్లాడారు. రేపు చేపలు వేయించాలా, కాల్చాలా. పెరీనాకు తండ్రి చెవులొచ్చాయా, లేదా. వింకాకు ఆకలి కూడా వేసింది, చాలా రోజుల తర్వాత. రొట్టె ముక్క విరిచి నూనెలో ముంచి నోట్లో పెట్టుకుంది.

"పాపం, మొత్తం పెట్టాలనే అనుకున్నాను" అంది యెర్కా, కాఫీ వంచుతూ. "పెట్టె ఇరుకు. పట్టలేదు."

రొట్టె వింకా నోట్లో ఉండిపోయింది. "ఏది పట్టలేదు?"

"కంబళి. ఇంత పెద్దది కదా. మధ్యకు కత్తిరించాల్సొచ్చింది. చెయ్యి రాలేదనుకో, మంచి ఉన్ని."

"మిగతా సగం?"

"దాచాను. మంచి సరుకు పారేస్తానా? ఆంజెలా నీళ్లాడినప్పుడు పురిటి చూపుకు వెళ్లాం కదా. ఇంటి పెద్దది వెచ్చటిదేదో పట్టుకెళ్లడం మన పద్ధతి. దాన్ని ఉతికి, కొత్త గుడ్డ తొడిగి, ఉయ్యాల కొలతకు పరుపుగా కుట్టాను. పసుపు బాతుల గుడ్డ. నువ్వే కదా, అమ్మా, ఈ వయసులో కుట్టు ఎంత సన్నంగా వేశావని మెచ్చుకున్నావు?"

అవును. మెచ్చుకుంది. తన చేతుల్తోనే దాన్ని ఉయ్యాలలో పరిచింది. నలుగురికీ చూపించింది. పెరీనాను దాని మీద పడుకోబెట్టి, ఎంత వెచ్చగా ఉందో అంది.

వింకా సంచిలోంచి ఫోన్ తీసి ఆంజెలాకు చేసింది. ఎత్తవే, ఎత్తవే అని గొణుక్కుంది. చాలాసేపు మోగాక ఆంజెలా గుసగుసగా పలికింది.

"అమ్మా, ఇప్పుడే పడుకుందే. మెల్లగా మాట్లాడు."

వింకాకు అరవాలనిపించింది. అరిస్తే ఆంజెలా కంగారులో ఆ పరుపుని లాగేస్తుంది, విదిలిస్తుంది. పొడిగా ఉన్నప్పుడు కదిలిస్తేనే ప్రమాదమని డాక్టర్ చెప్పాడు. సెలూన్లో బెదిరే పిల్లల తల పట్టుకుని కత్తెర వేసేటప్పటి గొంతును ఎక్కడి నుంచో తెచ్చుకుంది.

"ఆంజెలా, నేను చెప్పినట్టు చెయ్యి. పెరీనాను మెల్లగా ఎత్తుకో. ఉయ్యాలలోది ఏదీ కదపకు. పిల్లను ఇంకో గదిలో పడుకోబెట్టి తలుపు వేసెయ్. తర్వాత అమ్మమ్మ ఇచ్చిన ఆ పరుపుంది చూడు, దాన్ని నీళ్లతో తడుపు. బాగా తడిశాక ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టెయ్. దులపకు. విప్పకు."

"ఏంటమ్మా నీ గోల? పురుగులు పట్టాయా? అమ్మమ్మ కుట్టింది పాడుచేస్తే ఆవిడ నన్ను చంపేస్తుంది."

"అది ఫ్యాక్టరీ ఫెల్టు."

ఆంజెలా ఆ ఊరి పిల్లే కదా, ఆ మాట అర్థమైంది. కానీ వెంటనే చిన్నగా నవ్వింది, ధైర్యం తెచ్చుకునేవాళ్లు నవ్వే నవ్వు. "ఎప్పటిదో పాతది కదమ్మా. ఉతికేశారుగా. ఎన్నిసార్లు చెప్పావు, ఆ పాత కంబళి కిందే పెరిగానని? నీకేమైంది చెప్పు? గుర్రంలా ఉన్నావు."

వింకా కళ్లు మూసుకుంది. వెనక పొయ్యి దగ్గర తల్లి ఉందని తెలుసు. ఇంక వేరే దారి లేదు.

"నేను బాగా లేనమ్మా" అంది. "మంగళవారం పెద్దాసుపత్రికి వెళ్లాను. తాతయ్యకు వచ్చిందే నాకూ వచ్చింది. అందుకని చెబుతున్నా. ముందు పిల్లను ఎత్తుకో."

వెనక కాఫీ గిన్నె నేలను తాకిన చప్పుడైంది. నల్లటి కాఫీ తుడిచిన నేల మీద పారి వింకా పాదాల దాకా వచ్చింది. యెర్కా దాన్ని చూడలేదు. గోడ పట్టుకుని కూతురి వీపునే చూస్తోంది.

ఫోన్‌లో అడుగుల చప్పుడు వినబడింది. తలుపు మూసిన చప్పుడు. నిద్ర చెడిన పెరీనా ఏడుపు, దూరంగా, మూసిన గదిలోంచి. తర్వాత ఆంజెలా ఊపిరి, వేగంగా.

"ఎత్తాను. అవతల పడుకోబెట్టాను. అమ్మా..."

"చెప్పమ్మా."

"నేను పుట్టినప్పుడు ఉయ్యాలలో ఏం పరిచారు?"

వారమంతా వింకా పెరీనా గురించే ఆలోచించింది. ముందు పాప, పాప, పాప. మధ్యలో ఇంకొక పాప ఉందన్న సంగతే మర్చిపోయింది. ఏ చలికాలంలో తను ఆంజెలాను కన్నదో, ఆ బూడిదరంగు ఉన్ని మడత మీద ఆ పసిదాన్ని ఎలా పడుకోబెట్టిందో, నీలి చార ఎటువైపు ఉండేదో, అన్నీ కళ్లకు కట్టాయి.

"అమ్మా, ఉన్నావా? నేను కూడా దాని మీదే పడుకున్నానా?"

ఒక ముడతల చెయ్యి వచ్చి వింకా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. యెర్కా ఆ వస్తువును ఎన్నడూ ముట్టుకోలేదు. రెండు చేతుల్తో పట్టుకుని నోటి దగ్గర పెట్టుకుంది. మొహంలో రక్తం లేదు గానీ గొంతు వణకలేదు.

"ఆంజెలా, అమ్మమ్మను. విను తల్లీ. నీకు వేసింది అది కాదు. నీకు సిన్య్ ఊరి నుంచి మా అక్క పంపిన గొర్రెబొచ్చు వేశాం. నువ్వు దాన్ని ముట్టుకోలేదు. భయపడకు."

పుట్టినప్పటి నుంచి ఇవాళ్టి దాకా తల్లి నోట ఒక్క అబద్ధం వినలేదు వింకా. పాపనివేదనలో చెప్పుకోవడానికి పాపాలు లేక ఫాదర్ని విసిగిస్తుందని ఊరు నవ్వుకునే మనిషి ఆవిడ. ఇప్పుడు మనవరాలికి అబద్ధం చెప్పి, ఫోన్‌ను కూతురి చేతిలో తిరిగి పెట్టి, ఆ చెయ్యిని తన రెండు చేతుల మధ్య గట్టిగా పట్టుకుంది. కళ్లతో బతిమాలుతోంది.

అమ్మమ్మ మాట నిజమని చెబితే ఆంజెలా ఈ రాత్రి నిద్రపోతుంది. ఏ డాక్టర్ దగ్గరికీ వెళ్లదు. ఎప్పటికీ వెళ్లదు.

"అమ్మా" అంది ఆంజెలా అటువైపు నుంచి, మెల్లగా. "అమ్మమ్మ చెప్పింది నిజమేనా?"